ఎనిమిదో సెమిస్టరు ఎవరి బాధ్యత? – ఉన్నత విద్యా మండలికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షులకు, సభ్యులకు, రాష్ట్రంలోని సాంకేతిక విశ్వవిద్యాలయాల ఉపకులపతులకు నమస్కరించి రాస్తున్న లేఖ.

2020-21లో చేరినవారి నుంచి వర్తించిన ఆర్20 అనే పాఠ్య నిబంధనలతో బీటెక్ చివరి సెమిస్టరులో ప్రాజెక్టుతో పాటు పూర్తికాలపు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. బీఏ, బీకాం, బీఎస్సీ విద్యార్థులకు కూడా 2020-21 విద్యా సంవత్సరం నుంచి ఇటువంటి ఏర్పాటే అమలులోకి వచ్చింది. నేను 2021లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజినీరింగు) బ్రాంచిలో చేరి 2025లో బయటికి వచ్చిన విద్యార్థినిని. మార్కాపురం దగ్గరి ఊరి నుంచి వెళ్ళి, ఎనిమిదో సెమిస్టరు మొత్తం హైదరాబాదులో ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థలో ఇంటర్న్‌గా గడిపాను. ఈ నిబంధనను ఎత్తివేయమని అడగడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. డిగ్రీకి కావలసిన 160 క్రెడిట్లలో 12 క్రెడిట్లు ఆ ఒక్క సెమిస్టరువే కాబట్టి, అది సెలవు కాదు, చదువే. చదువే అయినప్పుడు, విద్యార్థి పట్ల కళాశాలకూ విశ్వవిద్యాలయానికీ ప్రభుత్వానికీ ఉండే బాధ్యతలు కూడా ఆ విద్యార్థి వెంట నగరానికి రావాలి. ఇప్పటి పద్ధతిలో విద్యార్థి ఒక్కరే వెళుతున్నారు, తక్కినవన్నీ కళాశాల ప్రహరీ లోపలే ఆగిపోతున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే, దీని వివరాలే మిగతా లేఖ.

ముందుగా, ఆ సెమిస్టరు వల్ల నాకు కలిగిన మేలును చెప్పడం న్యాయం. మా కళాశాల ప్రయోగశాలలో, విద్యుత్ సంకేతాలను తెర మీద గీతగా చూపే ఒక ఆసిలోస్కోపు చుట్టూ ఆరుగురం నిలబడేవాళ్ళం, వాళ్ళలో ఒకరు నాబ్ తిప్పుతుంటే మిగిలినవారం రికార్డులో వేయవలసిన బొమ్మను ముందే సీనియర్ల రికార్డు చూసి గీసుకునేవాళ్ళం. సంస్థలో చేరిన మొదటి వారంలోనే పనిచేయని ఒక బోర్డును నా ముందు పెట్టి, ఎందుకు పనిచేయడం లేదో చెప్పమన్నారు. ఒక విడిభాగం వివరాలన్నీ ఉండే డేటాషీటును మొదటి పేజీ నుంచి కాక, కావలసిన పట్టిక దగ్గర నుంచి చదవడం, పవర్ లైను నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పాయింటు దగ్గర వోల్టేజీ చూసుకుంటూ రావడం, కనిపెట్టిన దాన్ని నాలుగు వాక్యాల్లో ఈమెయిల్‌గా రాయడం అక్కడే అలవాటయ్యాయి. తెలియనిది తెలియదని చెబితే వైవాలో మార్కులు పోతాయి. అక్కడ మాత్రం తెలియకపోయినా తెలిసినట్టు నటిస్తేనే బోర్డు కాలిపోయేది. ఇటువంటి చదువు మరే సెమిస్టరులోనూ దొరకలేదు కనుకనే, అది అందరికీ నిజంగా అందాలని కోరుతున్నాను.

అందకపోవడానికి మొదటి కారణం డబ్బు. హైదరాబాదులో కేపీహెచ్‌బీ ప్రాంతపు ఆడపిల్లల హాస్టల్లో నలుగురుండే గదిలో ఒక మంచానికి భోజనంతో కలిపి నెలకు 6,500 రూపాయలు, చేరేటప్పుడు అడ్వాన్సుగా మరో 3,000 కట్టాను. అందులో 1,500 ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో కోత పడుతుందని ముందే చెప్పారు. నాకు స్టైపెండు నెలకు 8,000 రూపాయలు, నా తోటి వారిలో ఎక్కువమందికి అసలు లేనే లేదు కాబట్టి నేను అదృష్టవంతురాలినే. అయితే నెల పని పూర్తయ్యాక, తరువాతి నెల రెండో వారంలో గాని ఆ డబ్బు చేతికి రాదు. అంటే మొదటి రూపాయి అందేలోగా రెండు నెలల హాస్టల్ అద్దె, అడ్వాన్సు కలిపి 16,000 రూపాయలు చేతి నుంచి పెట్టుకోవాలి. మెట్రో ఛార్జీలు, మధ్యాహ్న భోజనం, ఊరి నుంచి వచ్చిన బస్సు టికెట్టు దీనిలో చేరలేదు. పలకల కార్ఖానాలో పనిచేసే మా నాన్నగారు ఆ మొత్తాన్ని వడ్డీకి తెచ్చారు. డిగ్రీ, ఇంజినీరింగు విద్యార్థికి వసతి, భోజనం కోసం ప్రభుత్వం నిర్ణయించిన సాయం, అంటే మేము ఎంటీఎఫ్ అని పిలుచుకునేది, ఏడాదికి 20,000 రూపాయలు. ఇంటర్న్‌షిప్ మొదటి ఆరు వారాలే ఆ ఏడాది సాయాన్ని దాదాపు మింగేస్తున్నాయన్న మాట. ఆ సాయమైనా సెమిస్టరు మొదలయ్యే ముందు అందితే వడ్డీ మిగులుతుంది. అది ఎప్పుడు జమ అవుతుందో ముందుగా తెలియనప్పుడు, హాస్టల్ యజమానికి ఏ తేదీ చెప్పగలం?

మరోవైపు, ఆ సెమిస్టరుకు కూడా కళాశాల రుసుములు యథాతథంగానే ఉంటాయి. బోధన రుసుము సంగతి వేరు, మూల్యాంకనానికీ పర్యవేక్షణకూ కళాశాలకు ఖర్చు ఉంటుందని ఒప్పుకోవచ్చు. కాని ఎక్కని బస్సుకు ఛార్జీ, తినని హాస్టల్ మెస్సుకు బిల్లు, అడుగుపెట్టని ల్యాబుకు రుసుము ఏడాది మొత్తానికి లెక్కగట్టి వసూలు చేసే కళాశాలలు ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఉన్న పిల్లలకు కూడా బస్సు ఫీజు ఇంటి నుంచే పోతుంది. చివరి సెమిస్టరులో బయటి నగరంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నట్టు ధ్రువపత్రం ఇచ్చిన విద్యార్థి నుంచి ఈ మూడు పద్దుల కింద ఏమీ వసూలు చేయరాదని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు, దానికి ప్రభుత్వ ఖజానా నుంచి పైసా ఖర్చు ఉండదు.

స్టైపెండు విషయంలో ఇంటర్న్ పరిస్థితి విచిత్రమైనది. అప్రెంటిస్‌లకు 1961 నాటి చట్టం ఉంది. 2019లో సవరించిన నియమాలు పట్టభద్ర అప్రెంటిస్‌కు నెలకు కనీసం 9,000 రూపాయలుగా నిర్ణయించాయి. 2024 అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో మొదట్లో నెలకు 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఒకసారి 6,000 రూపాయలు ఇచ్చేవారు గాని, పూర్తికాలం చదువుతున్నవారు అప్పుడు దానికి అర్హులు కారు. చదువు ముగిసినవారికి ఇంటర్న్‌షిప్ ఐచ్ఛికం, వారికి సాయం ఉండేది. చదువుతున్న మాకు అది తప్పనిసరి, మాకు సాయం లేకపోయింది. సంస్థలను స్టైపెండు ఇవ్వమని నిర్బంధిస్తే అవి ఇంటర్న్‌లనే తీసుకోవడం మానేస్తాయన్న వాదన నాకు తెలుసు, చిన్న సంస్థల విషయంలో అది కొంత నిజమే. అందువల్ల సంస్థలను కాక, ముందుగా నిబంధన పెట్టినవారినే అడుగుతున్నాను. వసతి సాయంలో చివరి ఏడాది రెండో విడతను, ఇంటర్న్‌షిప్ ఆఫర్ లెటర్ సమర్పించిన పదిహేను రోజుల్లోగా విడుదల చేసే ఏర్పాటుకు ప్రభుత్వానికి సిఫారసు చేయండి. దీనికి కొత్త పథకం అక్కరలేదు, ఉన్న సాయపు తేదీని మార్చడమే.

డబ్బు లేనప్పుడు ఏమి జరుగుతుందో మీ దగ్గరి లెక్కల్లో కనిపించదు, ఎందుకంటే కాగితం మీద అందరూ ఇంటర్న్‌షిప్ పూర్తిచేసినవారే. మా తరగతిలో నగరానికి వెళ్ళగలిగినవారు వెళ్ళారు. తక్కినవారు ఆన్‌లైన్లో వీడియోలు చూసి, క్విజ్‌లు రాసి, వర్చువల్ ఇంటర్న్‌షిప్ ధ్రువపత్రం డౌన్‌లోడ్ చేసుకున్నారు. కోవిడ్ కాలంలో వర్చువల్ పద్ధతి అవసరమే అయింది. ఆ అవసరం తీరాక అది పేద పిల్లల ఇంటర్న్‌షిప్‌గా, మరీ ముఖ్యంగా ఆడపిల్లల ఇంటర్న్‌షిప్‌గా స్థిరపడిపోయింది. ‘నాలుగు నెలలకు పట్నం ఎందుకు, ఇంట్లోనే కంప్యూటర్లో చెయ్యి’ అన్న మాట విని ఆగిపోయిన నా స్నేహితురాలు తరగతిలో నాకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకునే అమ్మాయి. ఇద్దరికీ ఆ 12 క్రెడిట్లు ఒకే విధంగా పడ్డాయి. ఉద్యోగపు ఇంటర్వ్యూలో ‘ఏ పరికరం మీద పనిచేశావు’ అని అడిగినప్పుడు మాత్రం ఆ సమానత్వం నిలవలేదు.

ఆమె తల్లిదండ్రుల భయాన్ని కొట్టిపారేయలేను. నగరంలో వాళ్ళకు తెలిసినవారెవరూ లేరు, కళాశాలను అడిగితే హాస్టల్ మీరే చూసుకోవాలన్నారు. నమ్మదగిన వసతి ఒకటి చూపించగలిగితే, వెళ్ళే ఆడపిల్లల సంఖ్య మారుతుందని నా అనుభవంతో చెప్పగలను. కేంద్ర ప్రభుత్వపు సఖి నివాస్ పథకం కింద నడిచే వర్కింగ్ విమెన్ హాస్టళ్ళలో, మొత్తం సీట్లలో 30 శాతానికి మించకుండా, ఉద్యోగ శిక్షణలో ఉన్న మహిళలకు కూడా చోటు ఇచ్చే వీలుంది. ఇంటర్న్‌షిప్‌ను ఆ శిక్షణ కింద పరిగణించమని మండలి స్థాయిలో ఒక లేఖ రాస్తే, దానికి ఉండే విలువ ఒక విద్యార్థిని రాసే అర్జీకి ఉండదు.

ఇక్కడ ప్రయాణం గురించి కూడా ఒక మాట. కేపీహెచ్‌బీ నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో దిగి, నాగోలు వైపు నుంచి వచ్చే రైలు పట్టుకుని రాయదుర్గం చేరి, అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కేదాన్ని. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది గాని, అది ఆ రాష్ట్ర నివాసులకే. నల్గొండ నుంచి వచ్చిన నా గదిలోని అమ్మాయి ఛార్జీ లేని జీరో టికెట్ తీసుకునేది, నా ఆధార్ చూసి కండక్టరు నవ్వుతూనే డబ్బు అడిగేది. ఇందులో తెలంగాణ ప్రభుత్వాన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం కూడా ఇక్కడి నివాసులకే. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉన్న పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో ముగిసింది కూడాను. కాని విద్యార్థి పాసు సంగతి వేరు. అది నివాసాన్ని బట్టి కాక చదువును బట్టి ఇచ్చేది. ఆ దరఖాస్తును కళాశాల ధ్రువీకరించాలి, నా కళాశాలేమో ఆ నగరంలో లేదు. ఆ నాలుగైదు నెలలూ నేను విద్యార్థినినే అయినా, నన్ను విద్యార్థినిగా గుర్తించే కౌంటరు హైదరాబాదులో ఒక్కటీ లేకపోయింది. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యా మండళ్ళు కూర్చుని మాట్లాడుకుంటే తేలే విషయమిది. అక్కడి పిల్లలు కూడా విశాఖపట్నం స్టీలు ప్లాంటుకో, శ్రీసిటీ ఫ్యాక్టరీలకో రావలసి ఉంటుంది కదా.

ఇక చదువు సంగతి. చివరి సెమిస్టరులో ఇంటర్న్‌షిప్‌తో పాటు ప్రాజెక్టు కూడా ఉండాలన్న నిబంధన వెనుక ఉన్న ఆలోచన మంచిదే కావచ్చు. ఆచరణలో అది ఎలా ఉంటుందో చెబుతాను. ప్రాజెక్టు బ్యాచిలో నలుగురం. నేను హైదరాబాదులో, ఒకరు బెంగళూరులో, ఒకరు చెన్నైలో, నాలుగో అబ్బాయి ఊళ్ళోనే వర్చువల్ ఇంటర్న్‌షిప్‌లో. ప్రాజెక్టు రివ్యూలకు మాత్రం నలుగురూ కళాశాలలో స్వయంగా హాజరు కావాలి, బయోమెట్రిక్ వేయాలి. 75 శాతం హాజరు నిబంధన ఇంటర్న్‌షిప్ సెమిస్టరుకు ఎలా వర్తిస్తుందో ఒక్కో కళాశాల ఒక్కో విధంగా అర్థం చెప్పుకుంటోంది. కొన్నిచోట్ల సంస్థ ఇచ్చే హాజరు పత్రం సరిపోతుంది, కొన్నిచోట్ల దానికి తోడు నెలకోసారి వచ్చి వేలిముద్ర వేయమంటారు. రివ్యూ తేదీ రెండు రోజుల ముందు వాట్సాప్ గ్రూపులో తెలుస్తుంది. సంస్థలో సెలవు అడిగితే, ఈ అమ్మాయికి పని మీద శ్రద్ధ లేదనుకుంటారు. రాత్రి బస్సులో వెళ్ళి పది నిమిషాలు స్లైడ్లు చూపించి మళ్ళీ రాత్రి బస్సులో తిరిగి రావలసి ఉంటుంది.

ఈ పరిస్థితిలో నలుగురు కలిసి నిజమైన ప్రాజెక్టు ఒకటి ఎప్పుడు చేయాలి? అమీర్‌పేటలో ప్రాజెక్టులు అమ్ముతారన్నది మీకు తెలియని రహస్యం కాదు. బోర్డు, కోడు, రిపోర్టు, వైవా ప్రశ్నలకు జవాబులు అన్నీ కలిపి ఒకే ధరకు దొరుకుతాయి. విద్యార్థుల నిజాయితీ లేమి గురించి ఎవరైనా ప్రసంగించవచ్చు. నా ఉద్దేశంలో మాత్రం, పగలంతా సంస్థలో నిజమైన పని చేసి వచ్చిన విద్యార్థి చేత రాత్రి దొంగ ప్రాజెక్టు కొనిపిస్తున్నది ఆ రెండింటినీ విడివిడిగా అడిగే పద్ధతే. సంస్థలో చేసిన పనినే, వ్యక్తిగతంగా, ప్రాజెక్టుగా అంగీకరించే స్వేచ్ఛ ఇవ్వండి. రివ్యూలను వీడియో కాల్ ద్వారా జరపడానికి అనుమతించండి, ఆ తేదీలను సెమిస్టరు ప్రారంభంలోనే ప్రకటించండి.

అలా అంగీకరించేటప్పుడు మరొక చిక్కు వస్తుంది. నేను చేరిన రోజున సంస్థ ఒక గోప్యత ఒప్పందం మీద సంతకం చేయించుకుంది. సర్క్యూట్ బొమ్మలు గాని, కోడు గాని, బోర్డు ఫోటోలు గాని బయటికి ఇవ్వరాదని అందులో ఉంది. కళాశాల రిపోర్టు నమూనాలోనేమో సోర్సు కోడు, ఫలితాల స్క్రీన్‌షాట్లు తప్పనిసరి అధ్యాయాలు. ఒప్పందం ఉల్లంఘిస్తే సంస్థతో చిక్కు, రిపోర్టులో పెట్టకపోతే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ దగ్గర మార్కుల కోత. చాలామంది చేసేది, ఇంటర్నెట్టులో దొరికిన కోడును అంటించి, సంస్థ పరిచయం అనే అధ్యాయాన్ని వెబ్‌సైటు నుంచి ఎత్తి రాసి ఎనభై పేజీలు నింపడమే. ఆ ఎనభై పేజీల్లో విద్యార్థి నిజంగా నేర్చుకున్నది ఒక్క వాక్యమైనా ఉండదు. దీనికి బదులు, ఏ సమస్య ఇచ్చారు, ఎలా ఆలోచించారు, ఎక్కడ ఆగిపోయారు, ఎవరిని అడిగారు అన్నవి గోప్యమైన వివరాలు లేకుండా రాయదగిన పదిహేను పేజీల నమూనాను విశ్వవిద్యాలయాలు తయారుచేయాలి. సంస్థలోని గైడు గోప్యంగా పంపే మూల్యాంకనానికి ఎక్కువ మార్కులు కేటాయించాలి.

ఫ్యాకల్టీ మెంటార్ల గురించి ఫిర్యాదు చేయను. ఒక్కో అధ్యాపకునికి పాతిక ముప్పై మంది ఇంటర్న్‌లను అప్పగించి, వాళ్ళు మూడు నగరాల్లో ఉంటే, ప్రయాణ భత్యం ఇవ్వకుండా ఆయన చేయగలిగింది వారానికొక వాట్సాప్ సందేశం పెట్టడమే. కాని ఆ పర్యవేక్షణ లేకపోవడం వల్ల లాభపడుతున్నవారు కొందరున్నారు. విద్యార్థి దగ్గరే ఐదు వేలో పది వేలో తీసుకుని, కూర్చోబెట్టడానికి కుర్చీ అయినా లేని గది చిరునామాతో ఆఫర్ లెటరు, చివర్లో ధ్రువపత్రం ఇచ్చే వ్యాపారం విచ్చలవిడిగా సాగుతోంది. ఒక నగరంలో ఉన్న ఇంటర్న్‌లందరినీ, వారు ఏ కళాశాలవారైనా సరే, కలిపి చూసుకునే ఒక సమన్వయ అధికారిని హైదరాబాదులో, బెంగళూరులో, చెన్నైలో నియమిస్తే, ముప్పై కళాశాలల మెంటార్లు చేయలేని తనిఖీ ఆ ముగ్గురు చేయగలరు. విద్యార్థి నుంచి ఏ రూపంలో డబ్బు తీసుకున్నా ఆ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం చెల్లదని ప్రకటించడం దానికన్నా ముందు చేయవలసిన పని.

ఆ అధికారి అవసరం ఆడపిల్లలకు మరింత ఎక్కువ. పని ప్రదేశంలో లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ఉద్యోగి అన్న నిర్వచనంలో శిక్షణలో ఉన్నవారిని కూడా చేర్చింది. పదిమందికి తక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండదు గనుక జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2015 నిబంధనలు క్యాంపస్ అన్న నిర్వచనంలో ఇంటర్న్‌షిప్ ప్రదేశాలను స్పష్టంగా చేర్చాయి. అంటే రాయదుర్గంలోని ఆ ఆఫీసు, చట్టం దృష్టిలో, మా కళాశాల ఆవరణలో భాగమే. నాకు అటువంటి అనుభవం ఎదురుకాలేదు. ఎదురైతే కళాశాల కమిటీని అడిగే హక్కు నాకుందని మాత్రం ఇంటర్న్‌షిప్‌కు పంపిన వారెవరూ చెప్పలేదు, చదువు ముగిశాక నేనే చదివి తెలుసుకున్నాను. ఇంటర్న్‌షిప్‌కు అనుమతిస్తూ కళాశాల ఇచ్చే ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) వెనుక పేజీలో ఈ రెండు నిబంధనలను తెలుగులో, కమిటీ సభ్యుల ఫోన్ నంబర్లతో సహా ముద్రించమని కోరుతున్నాను.

బీకాం, బీఎస్సీ చదివే నా తమ్ముడి వయసు పిల్లల గురించి ఇంకా ఎక్కువ రాయవలసి ఉంది. వాళ్ళకు స్టైపెండు ఇచ్చే సంస్థలు మరీ తక్కువ, నగరానికి వెళ్ళినా ఏ పని చూపించాలో సంస్థలకే స్పష్టత ఉండదు. ఆ అనుభవం ఉన్నవారే దాన్ని మీకు రాయడం మంచిది. మీరు అడిగితే రాస్తారు. ఇంటర్న్‌షిప్ ముగించిన విద్యార్థుల నుంచి, కళాశాలల ద్వారా కాకుండా నేరుగా, పేరు వెల్లడించనవసరం లేని పద్ధతిలో అభిప్రాయాలు సేకరించండి. వర్చువల్‌గా చేసినవారిని, ఎందుకు అలా చేయవలసి వచ్చిందో ప్రత్యేకంగా అడగండి.

చివరి ఏడాది విద్యార్థుల ఎనిమిదో సెమిస్టరు సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో మొదలవుతుంది. హాస్టల్ అడ్వాన్సులు దానికి నెల ముందే కట్టాలి. పైన కోరినవాటిలో బస్సు, మెస్సు, ల్యాబు రుసుముల మినహాయింపు, రివ్యూల వీడియో కాల్ అనుమతి, ఎన్‌ఓసీ వెనుక పేజీ, ఈ మూడింటికీ బడ్జెట్ గాని శాసనసభ ఆమోదం గాని అక్కరలేదు, ఒక సర్క్యులర్ చాలు. దాన్ని అక్టోబరు ముగిసేలోగా కళాశాలలకు పంపించి, విద్యార్థులకు కనబడేలా నోటీసు బోర్డులో కూడా పెట్టించమని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
2021-25 బ్యాచి ఈసీఈ విద్యార్థిని,
మార్కాపురం ప్రాంతం